అభివృద్ధి జమాఖర్చు: ఇ.ఎ.ఎస్. శర్మ కృషి - ఒక పరిశీలన

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి పోయే ఘాట్ రోడ్డుకు ఒక చరిత్ర ఉంది. మన్యంలో రోడ్లు వేస్తున్న ఆ రోజుల్లో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత బలవంతంగా పని చేయించాడు. చేసిన పనికి న్యాయమైన కూలి ఇవ్వలేదు. అప్పటికే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవిని సర్కారు సొత్తు చేసి, పోడు వ్యవసాయాన్ని నేరం కింద జమకట్టింది. గాం గంటందొర వంటి వాళ్లకు బాస్టియన్‌తో భూమి తగాదా కూడా ఉంది. ఈ కోపాలన్నీ కలిసి 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద విరుచుకుపడ్డాయి. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో సాగి, 1924 మే 7న ఆయన కాల్చివేతతో విషాదాన్ని చవిచూసిన ఆ పోరాటం మనకు కొత్త కథ కాదు. బుర్రకథలుగా, నాటకాలుగా, సినిమాలుగా తెలుగువాళ్లు దాన్ని ఎన్నోసార్లు చెప్పుకున్నారు. కాని ఆ పోరాటానికి తక్షణ కారణాల్లో ఒకటి రోడ్డు పని అన్న సంగతిని మన సాహిత్యం తగినంతగా పట్టించుకోలేదు. నేటి ప్రణాళికల పరిభాషలో దాన్ని 'మౌలిక సదుపాయం' అంటారు.

రోడ్డు వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. జబ్బుపడిన మనిషిని డోలీలో మోసుకుంటూ కొండ దిగేవాడికి రోడ్డు విలువ మనకన్నా బాగా తెలుసు. అసలు ప్రశ్న వేరు. ఆ రోడ్డు ఎవరి రెక్కల మీద లేచింది? దాని మీద ముందుగా ఏవి నడిచాయి? కలప దిగింది, పోలీసులు ఎక్కారు. ఖర్చు గూడెం గిరిజనుడి ఖాతాలో పడింది, జమ దొరల ఖాతాలో పడింది. ఈ జమాఖర్చు వందేళ్లు దాటినా తేలలేదు. రోడ్డుకు తోడు ఆనకట్ట, విద్యుత్ కేంద్రం, గని, శుద్ధి కర్మాగారం వచ్చి చేరాయంతే.

ఆ లెక్కను పాలనాయంత్రం లోపల కొన్నాళ్లూ, బయట మరికొన్నాళ్లూ అడుగుతూ వచ్చిన వ్యక్తి ఇ.ఎ.ఎస్. శర్మగారు. ఒక ఆర్థిక శాఖ అధికారి గురించి సాహిత్య పత్రికలో వ్యాసం ఏమిటని పాఠకులు అడగవచ్చు. ప్రజల బతుకును మార్చే రచనలన్నీ కథలూ కవితలే కావు. ఒక జి.ఓ., ఒక ఒప్పందపత్రం, ఒక పర్యావరణ అనుమతి కూడా రచనలే. వాటిని చదివే విద్య మనకు లేకపోతే 'ప్రజాప్రయోజనం దృష్ట్యా' అన్న ఒక్క వాక్యంతో మన పక్కనున్న కొండ మాయమైపోతుంది. ఆ విద్య తెలిసినవాడు పాలకుల పక్షాన ఉంటే ఏమవుతుందో, ప్రజల పక్షానికి వస్తే ఏమవుతుందో, రెండో పక్షంలో కూడా అతడు ఎంతవరకు పోగలడో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

శర్మ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త కారు. భౌతికశాస్త్రం చదువుకుని, 1965లో ఆంధ్రప్రదేశ్ విభాగం నుంచి ఐ.ఎ.ఎస్.లో చేరారు. అర్థశాస్త్రాన్ని ఫైళ్లలో నేర్చుకున్నారనాలి. ప్రణాళికా సంఘంలో ఇంధన వ్యవహారాలు చూశారు. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా, ఆ తర్వాత ఆర్థిక మంత్రిత్వ శాఖలో ఆర్థిక వ్యవహారాల కార్యదర్శిగా పనిచేశారు. 2000లో ఆ పదవి నుంచి బొగ్గు శాఖకు బదిలీ చేసినప్పుడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. తర్వాత హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి నాయకత్వం వహించి, ఆపైన విశాఖపట్నం చేరి, ఫోరం ఫర్ బెటర్ విశాఖ కన్వీనరుగా అర్జీలు రాయడం మొదలుపెట్టారు. ఢిల్లీలో ఆ స్థాయికి ఎక్కినవాళ్లలో చాలామంది పదవి దిగగానే ఏదో ఒక కంపెనీ బోర్డులో కుర్చీ వెతుక్కుంటారు. ఈయన తపాలా కవర్లు వెతుక్కున్నారు.

ఆయన పదవిలో ఉన్న కాలం ఎటువంటిదో గుర్తు చేసుకుంటే తప్ప ఈ మలుపు అర్థం కాదు. 1991 తర్వాత విద్యుత్ రంగం తలుపులు ప్రైవేటు పెట్టుబడికి బార్లా తెరిచారు. కేంద్రం ఎనిమిది ప్రాజెక్టులను 'ఫాస్ట్ ట్రాక్' అని ఎంచింది. మహారాష్ట్రలో ఎన్రాన్ దాభోల్, మన రాష్ట్రంలో జేగురుపాడు, కాకినాడ, విశాఖపట్నం ప్రాజెక్టులు ఆ జాబితాలోవే. కేంద్రం ఉత్పత్తిదారులకు ఇచ్చిన హామీ వింతైనది. కేంద్రం 68.5 శాతం సామర్థ్యంతో నడిస్తే చాలు, వాటా పెట్టుబడి మీద 16 శాతం ప్రతిఫలం ఖాయం. రాష్ట్ర విద్యుత్ బోర్డు కొన్నా కొనకపోయినా స్థిర చార్జీలు కట్టాలి. బోర్డు కట్టలేకపోతే రాష్ట్ర ప్రభుత్వం, అదీ కట్టలేకపోతే కేంద్రం పూచీ. ప్రతిఫలాన్ని పెట్టుబడికి ముడివేశారు గనక పెట్టుబడిని ఎంత పెద్దదిగా చూపితే లాభం అంత పెద్దది. కిరాణా కొట్టువాడు కూడా పోల్చుకోగల మోసం ఇది. దాభోల్ విద్యుత్తు అవసరానికి మించిందీ ఖరీదైనదీ అని 1993లో ప్రపంచ బ్యాంకే రుణం ఇవ్వనంది. అయినా ఒప్పందం కుదిరింది. 1999లో 740 మెగావాట్ల మొదటి దశ నడిచింది. ఆ ధరకు కొనలేక మహారాష్ట్ర బోర్డు చేతులెత్తేయగా 2001లో కేంద్రం మూతపడింది. ఈ వ్యవహారమంతటా నష్టం ప్రజలదిగానూ, లాభం పెట్టుబడిదారుడిదిగానూ ముందే రాసిపెట్టి ఉంది.

మన రాష్ట్రంలో ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. ప్రపంచ బ్యాంకు రుణంతో వచ్చిన సంస్కరణల కింద 1999లో విద్యుత్ బోర్డును విడగొట్టారు, చార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. రామకృష్ణ, విష్ణువర్ధన్‌రెడ్డి, బాలస్వామి అమరులయ్యారు. శర్మ ఢిల్లీ కొలువు వదిలిన సంవత్సరమూ అదే. రెండింటికీ నేరుగా ముడి ఉందని నా వాదన కాదు. కాని ఆ లెక్కల పుస్తకంలో ఏం రాసి ఉందో లోపల చూసినవాడు బయటికి వచ్చాక మాట్లాడితే ఆ మాటకుండే బరువు వేరు.

ఆయన మాట సారాంశం ఇది. విద్యుత్తు ఎంత కావాలన్న లెక్క ఎవరికి, ఎందుకు కావాలన్న దగ్గర మొదలవ్వాలి. తీగల్లో పోయే నష్టం తగ్గించాలి, వాడకంలో దుబారా తగ్గించాలి, చిన్న వనరులు వాడుకోవాలి. అప్పటికీ చాలకపోతేనే పెద్ద కేంద్రం. బెంగుళూరులో అమూల్య కె.ఎన్. రెడ్డి 1980లలోనే ఈ దారిలో ఆలోచించి, వినియోగం నుంచి వెనక్కి లెక్కవేసే పద్ధతిని రూపొందించారు. మన పాలకుల పద్ధతి దీనికి తలకిందులు. ముందు కేంద్రానికి అనుమతి, తర్వాత దానికి తగ్గ అవసరం. పుణెలోని ప్రయాస్ సంస్థ 2011లో లెక్కతీస్తే దేశంలో అనుమతి పొందినవీ అనుమతికి ఎదురుచూస్తున్నవీ కలిపి థర్మల్ ప్రతిపాదనలు దాదాపు 7 లక్షల మెగావాట్లకు చేరాయి. అప్పటికి దేశం మొత్తం స్థాపిత సామర్థ్యం 2 లక్షల మెగావాట్లు కూడా లేదు. ఆ వెర్రి మన తీరాన్ని కూడా పట్టింది. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల భూముల్లో 2,640 మెగావాట్ల కేంద్రం తలపెట్టారు. బీల అంటే రైతుకూ, బెస్తకూ, పశువుకూ ఏడాది పొడుగునా కూడు పెట్టే తడి నేల. కాగితం మీద అది బంజరు. అది బంజరు కాదు, చిత్తడి నేల అని శర్మ కేంద్ర పర్యావరణ శాఖకు లేఖలు రాశారు. 2010 జూలై 14న సోంపేటలో పోలీసు కాల్పులు ప్రాణాలు తీశాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ శవాలు. సోంపేటలో ఒక్కరోజు ముందు తీర్పు వచ్చి ఉంటే అన్న బాధ ఎవరికైనా కలుగుతుంది. కాని అనుమతి ఇచ్చినవాళ్లు నేలను ఒక్కసారి కళ్లతో చూసి ఉంటే అసలు తీర్పే అక్కర్లేదు.

ఇక మన కొండల సంగతి. విద్యుత్తుకూ మన్యానికీ సంబంధం పాతది. 1955లో మాచ్‌ఖండ్ వెలిగింది. తర్వాత సీలేరు మీద ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, దిగువ సీలేరు 460 మెగావాట్లు. ఇవి ప్రభుత్వ రంగ నిర్మాణాలు. దేశానికి వెలుగు అవసరమైన రోజుల్లో కట్టినవి, వాటిని మనం తక్కువ చేయరాదు. కాని విశాఖ ఫ్యాక్టరీలు ఆ వెలుగులో నడుస్తుంటే, ఆ తీగల కింది గూడేలు దశాబ్దాల పాటు కిరసనాయిలు బుడ్డి దగ్గరే ఉండిపోయాయి. ప్రభుత్వ రంగం అన్నంత మాత్రాన ప్రజల రంగం అయిపోదని మన ప్రాంతం నేర్పిన పాఠం అది.

తర్వాత బాక్సైటు వచ్చింది. బాక్సైటంటే మట్టి రూపంలో ఉన్న విద్యుత్తు అనవచ్చు. రెండు మూడు టన్నుల ఖనిజం నుంచి ఒక టన్ను అల్యూమినా వస్తుంది. రెండు టన్నుల అల్యూమినా నుంచి ఒక టన్ను అల్యూమినియం. ఆ చివరి టన్ను తీయడానికి 13, 14 వేల యూనిట్ల విద్యుత్తు కాలాలి. ఒక్కో టన్ను అల్యూమినాకు ఇంచుమించు అంత బరువు ఎర్ర బురద మిగులుతుంది. అంటే ఈ పరిశ్రమకు కొండా కావాలి, నీరూ కావాలి, బొగ్గూ కావాలి, బురద పోయడానికి భూమీ కావాలి. గని, విద్యుత్తు, పర్యావరణం మూడూ వేర్వేరు శాఖల ఫైళ్లలో ఉంటాయి గనక మొత్తం ఖర్చు ఏ ఒక్క ఫైలులోనూ కనబడదు. శర్మ పాలనాయంత్రం లోపల పనిచేసి వచ్చిన మనిషి గనక మూడు ఫైళ్లనూ ఒకచోట పెట్టి చదవగలిగారు. ఆయన కృషిలో నాకు ముఖ్యంగా తోచేది ఇదే.

1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో సర్కారు భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని ఆ తీర్పు సారం. మన 1/70 చట్టానికి దానివల్ల ప్రాణం వచ్చింది. ప్రభుత్వ సంస్థలూ, గిరిజన సహకార సంఘాలూ తవ్వవచ్చని తీర్పులో ఉంది. ఆ సందులోంచే దారి తీశారు. 2005లో జిందాల్ సంస్థతో, 2007లో రస్ అల్ ఖైమా వారితో ఒప్పందాలు కుదిరాయి. కొండను ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుతుంది, మట్టిని కంపెనీకి అమ్ముతుంది. పేరు ప్రభుత్వానిది, లాభం ప్రైవేటుది. రెండో ఒప్పందం కింద ఏడాదికి 15 లక్షల టన్నుల అల్యూమినా తీసే అన్‌రాక్ కర్మాగారాన్ని మాకవరపాలెం మండలం రాచపల్లిలో, అంటే నర్సీపట్నం పొలిమేరలో కట్టారు. దానికి మట్టి రావలసింది జెర్రెల కొండల నుంచి.

ఈ ఏర్పాటు సమత తీర్పును దొడ్డిదారిన దాటడమేననీ, గ్రామసభల సమ్మతి లేకుండా సాగడం 1996 నాటి పెసా చట్టానికీ, 2006 నాటి అటవీ హక్కుల చట్టానికీ విరుద్ధమనీ, అయిదో షెడ్యూలు కింద గవర్నరుకు కల్పించిన అధికారాలు అలంకారానికి కావనీ శర్మ వరసగా లేఖలు రాశారు. 2012లో కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి కిశోర్ చంద్రదేవ్ కూడా ఆ అధికారంతో ఒప్పందాలు రద్దు చేయమని గవర్నరును కోరారు. అయినా 2015 నవంబరు 5న జి.ఓ. 97 వెలువడింది. చింతపల్లి, జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అడవిని గనులకు అప్పగించిన కాగితం అది. మన్యం భగ్గుమంది. గిరిజన సంఘాలు, వామపక్షాలు వీధికెక్కాయి. ప్రభుత్వం జి.ఓ.ను పక్కన పెట్టక తప్పలేదు. 2019లో తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. రాచపల్లి కర్మాగారం మాత్రం కట్టుబడి పూర్తయ్యాక ఏళ్ల తరబడి కొండ మట్టి కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయింది.

ఇక్కడ మన నర్సీపట్నం వాళ్లం కొంచెం ఆగి ఆలోచించుకోవాలి. ఈ వివాదంలో మనం తటస్థులం కాదు. కర్మాగారం నడిస్తే మా పిల్లలకు ఉద్యోగాలొస్తాయని బాహాటంగా చెప్పినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్లలో భూములిచ్చిన చిన్న రైతులున్నారు, నా దగ్గర చదువుకుని డిప్లొమాలు పుచ్చుకున్న కుర్రాళ్లున్నారు. వాళ్లని కొండ ద్రోహులని కొట్టిపారేయడం తేలిక. కాని అది అభ్యుదయ దృష్టి అనిపించుకోదు. పల్లంలో నిరుద్యోగిని, కొండ మీద గిరిజనుణ్ణి ఎదురెదురుగా నిలబెట్టడమే ఈ అభివృద్ధి నమూనా చేసే అసలు పని. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉంటే మూడోవాడి జమ ఎవరికీ కనబడదు. ఆ కుర్రాడికి చెప్పవలసింది నీతిబోధ కాదు, లెక్క. తాండవ జలాశయం కింద యాభై వేల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. తాండవ నీరు ఈ కొండల నుంచే దిగుతుంది. కొండ నెత్తిన ఉన్న బాక్సైటు పొర వాన నీటిని పీల్చి ఊటలుగా నిదానంగా వదులుతుంది. ఆ పొరను ఒలిచేస్తే మీద కాఫీ తోట మాత్రమే పోదు, కింద మన వరి చేనుకూ దెబ్బే. అంతా యంత్రాలతో నడిచే శుద్ధి కర్మాగారం ఇచ్చే కొలువులెన్ని, నీరు తప్పితే పోయే పని దినాలెన్ని? ఈ రెండు అంకెలనూ పక్కపక్కన వేసి ఏ పాలకుడూ మనకు చూపలేదు. చూపించమని అడగడం మనకూ తోచలేదు.

శర్మ అర్జీలతో ఆగలేదు. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజన యువకులకు తుపాకులిచ్చి సాటి గిరిజనుల మీదికి ఉసిగొల్పిన సల్వాజుడుంను సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకెక్కిన నందినీ సుందర్, రామచంద్ర గుహలతోపాటు ఆయనా ఒక అర్జీదారు. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఖనిజాల ఆశకూ ఆ హింసకూ ఉన్న చుట్టరికాన్ని గుర్తించిన తీర్పు అది. ఒడిశా నియమగిరి మీద కన్నేసిన వేదాంతకు చెందిన కంపెనీల నుంచి కాంగ్రెసు, బి.జె.పి.లు రెండూ విరాళాలు పుచ్చుకున్నాయని ఏ.డి.ఆర్. సంస్థతో కలిసి కేసు వేసిందీ ఆయనే. విదేశీ విరాళాల చట్టాన్ని రెండు పార్టీలూ ఉల్లంఘించాయని 2014 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు తేల్చింది.

తర్వాత జరిగిందే మన పరిశీలనకు కీలకం. సల్వాజుడుం తీర్పు వచ్చిన ఏడాదిలోనే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కొత్త చట్టం చేసి ఆ ప్రత్యేక పోలీసులనే సహాయక బలగంగా మార్చుకుంది. విరాళాల కేసులో తప్పు చేసిన పార్టీలకు శిక్ష పడలేదు, చట్టానికే శిక్ష పడింది. 2016లో ఒకసారి, 2018లో మరోసారి సవరించి, 1976 దాకా వెనక్కి వర్తించేటట్టు చేశారు. చట్టం పేదవాడికి అడ్డుగోడ అయితే అది రాతిగోడ, ధనికుడికి అడ్డమైతే అది తడిక. శర్మ దృష్టికి ఉన్న పరిమితి ఇక్కడే తెలుస్తుంది. రాజ్యాంగం చెప్పినట్టు రాజ్యం నడిస్తే చాలునన్న విశ్వాసం మీద ఆయన కృషి అంతా నిలబడి ఉంది. ఆ రాజ్యం ఏ వర్గానికి చెయ్యి అన్న ప్రశ్నను ఆ విశ్వాసం అడగదు. అందుకే ఒక్కో లేఖా ఒక్కో అన్యాయాన్ని పట్టి చూపుతుంది, అన్యాయాల వరస మాత్రం ఆగదు.

అయితే ఈ మాట అని చేతులు దులుపుకుంటే మన విమర్శ కూడా సోమరిదే అవుతుంది. జి.ఓ. 97ను ఆపింది అర్జీ కాదు, జనం అనడం నిజమే. కాని జనం చేతిలో 1/70 ఉంది, సమత తీర్పు ఉంది, గ్రామసభ హక్కు ఉంది. వాటిని మరిచిపోనీయకుండా, ఏ కాగితం ఏ కాగితానికి విరుద్ధమో విప్పి చెప్పేవాళ్లు ఉండబట్టే ఆ ఆగ్రహం కేవలం ఆగ్రహంగా మిగిలిపోలేదు. 2013లో నియమగిరి మీద పన్నెండు గ్రామసభలు వరసగా కంపెనీని తిరస్కరించినప్పుడు కూడా జరిగింది ఇదే. ఉద్యమం లేని అర్జీ చెత్తబుట్టలో పడుతుంది. లెక్క తెలియని ఉద్యమం మొదటి నష్టపరిహారం దగ్గర చీలిపోతుంది. ఒకటి రెండోదానికి బదులు కాదు.

మన రచయితల విషయానికొస్తే, సీతారామరాజును మనం ఎంతో కీర్తించాం. 2022లో కొత్త జిల్లాకు ఆయన పేరే పెట్టుకున్నాం. చింతపల్లి ఆ జిల్లాలోకి పోయింది, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో మిగిలింది. కొండా పల్లమూ కాగితం మీద కూడా విడిపోయాయి. ఆ ఏడాదే పెదకోట, ఎర్రవరం వంటి చోట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులను ప్రైవేటు కంపెనీలకిచ్చే నిర్ణయాలు వచ్చాయి. పగటి సౌర విద్యుత్తుతో నీటిని కొండమీదికి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి అది. బొగ్గు పొగ ఉండదు గనక దీన్ని పచ్చ విద్యుత్తు అంటున్నారు. సౌర విద్యుత్తును నిలవచేసుకోవడం ఈనాటి నిజమైన అవసరమే. కాని షెడ్యూల్డు ప్రాంతపు నేలా నీరూ ప్రైవేటు చేతికి ఎలా పోతాయి, గ్రామసభ ఏమంది అని శర్మ మళ్లీ లేఖలు రాశారు. ఎనభై ఏళ్లు దాటిన మనిషి పాత ప్రశ్ననే కొత్త చిరునామాకు పంపారన్నమాట.

శీతాకాలం వస్తే లంబసింగి మంచు చూడటానికి కార్లు బారులు తీరుతాయి. వాటి వెనకే సర్వేవాళ్ల జీపులూ ఎక్కుతుంటాయి. ఆ రోడ్డు ఎవరి కూలి ఎగ్గొట్టి వేసిందో మా బడి పిల్లలకు పాఠంలో చెబుతాం. కొత్తగా వస్తున్న సొరంగాల ఖర్చు ఎవరి ఖాతాలో పడబోతోందో చెప్పే పాఠం ఇంకా ఎవరూ రాయలేదు. అది రాయవలసింది మనమే. దానికి ముందు ఆ జి.ఓ.లను తెచ్చుకుని, పక్కన కాగితమూ పెన్సిలూ పెట్టుకుని చదవాలి.